ఏడో తరగతిలోనూ కూడబలుక్కుని చదివే పిల్లలు: పాఠం చెప్పాలా, చదవడం నేర్పాలా?

సుద్దముక్క:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ప్రాథమికోన్నత పాఠశాలకు వచ్చాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెప్తున్నాను. ఏడో తరగతి గురించి అడగాలి.

క్లాసులో కొందరు గడగడా చదివేస్తారు. ఎక్కువమంది పదం పదం తడుముకుంటారు. ఒత్తు కనబడగానే ఆగి నా మొహం చూసేవాళ్లు ఇంకొందరు. ఇద్దరు ముగ్గురికి గుణింతమే సరిగా రాదు. విచిత్రం ఏమిటంటే అందరి నోటుబుక్కులూ నిండుగా, ముచ్చటగా ఉన్నాయి. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడంలో అందరూ ఆరితేరారు. తను రాసిన వాక్యాన్నే వేలు పెట్టి చదవమంటే మాత్రం నోరు పెగలదు.

సిలబస్ ఆగదు, ఏడాది మధ్యమధ్యలో వచ్చే ఎఫ్‌ఏ పరీక్షలు ఆగవు. పన్నెండేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి 'క, కా, కి, కీ' అనిపిస్తే పక్క క్లాసు వాళ్లు కిటికీలోంచి నవ్వుతారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఇలాంటి క్లాసు చూసినవాళ్లు చెప్పండి.

లెక్కలసారు:
మేడమ్, ఇది తెలుగు టీచర్ల బాధ మాత్రమే కాదు. ఆరో తరగతిలో భాగహారాలు రావనుకున్న పిల్లాడికి ప్రశ్న నేను చదివి వినిపిస్తే లెక్క చేసేస్తాడు. వాడే చదువుకుని చేయమంటే అందులో ఉన్న అంకెలు రెండూ కూడేసి ఇస్తాడు. వాడికి రానిది లెక్క కాదు. సైన్సు టీచరుదీ ఇదే మాట. చర్చ చూస్తుంటాను, నాకూ అవసరమే.

వెనకబెంచీ:
ఒకటి నుంచి ఐదు దాకా ఐదేళ్లు ఏం చేశారో ముందు అది అడగండి సార్. ఇల్లు కట్టినవాళ్లు వెళ్లిపోయాక బీటలు పూడ్చే పని మీకొచ్చింది.

చిన్నబడి_టీచర్:
వెనకబెంచీ గారూ, ఆ ఐదేళ్లు మా దగ్గర ఎలా గడుస్తాయో కాస్త వినండి. రెండు మూడు తరగతులు ఒకే గదిలో, టీచర్ ఒక్కరే. ఒకటో తరగతికి అక్షరాలు చెప్తుంటే నాలుగో తరగతి చూచిరాత రాసుకుంటూ ఉంటుంది. మేడమ్ చెప్పిన నిండు నోటుబుక్కులు అలా పుట్టినవే. చూచిరాత పిల్లల్ని కుదురుగా కూర్చోబెడుతుంది గానీ చదవడం నేర్పదు, ఆ సంగతి మాకూ తెలుసు. కోతకో కూలికో అమ్మానాన్నలతో వెళ్లి మూడు నెలల తర్వాత వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్లు వెళ్లినప్పుడు మేం గుణింతాల్లో ఉంటాం, వచ్చేసరికి ఒత్తులు అయిపోతాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. అది మంచిదే. అలా చేరినవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. మొదటి సగం జరిగినంత గట్టిగా రెండో సగం జరగదు. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ 2021లో మొదలైంది, దాని గురి మూడో తరగతి లోపు పిల్లలు. మీ క్లాసుల్లో ఉన్నవాళ్లు ఆ వయసు దాటేశారు.

ఎవరి తప్పు అన్న లెక్క తేలేసరికి ఆ పిల్లలు పదో తరగతికి వస్తారు. మేడమ్ అడిగినదానికి జవాబు చూద్దాం.

నిలువుగీత:
సుద్దముక్క మేడమ్, ముందుగా 'వీడికి చదవడం రాదు' అన్న మాట మానేయండి. ఆ మాట పట్టుకుని ఏ పనీ మొదలుపెట్టలేం. ఎక్కడ ఆగుతున్నాడు అన్నది కావాలి.

ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, వాళ్లు ఎప్పుడూ చూడని చిన్న పేరా ఒకటి చదివించండి. మూడు నిమిషాలు చాలు. పాఠ్యపుస్తకంలోది వద్దు. విని విని కంఠతా వచ్చేసిన పాఠాన్ని చూస్తూ అప్పజెప్పేవాళ్లు ఉంటారు, మీరు చదువుతున్నారనుకుంటారు. అదే పేరా ఇంకో కాగితం మీద మీ ముందు పెట్టుకుని, తప్పిన చోటల్లా పిల్లాడు ఏమని పలికాడో ఆ మాటనే పైన రాసుకోండి. ఇంటూ గుర్తు పెడితే మీకు ఏమీ తెలియదు. పలికిన మాట రాసుకుంటేనే వాడు ఎలా ఆలోచిస్తున్నాడో తెలుస్తుంది.

ఇలా చేస్తే కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ తగులుతాయి. నాకు తగిలినవి చెప్తాను.

అన్నిటికంటే పెద్దది ఒత్తు. గ, చ, డ, ద, ప, వ లాంటి అక్షరాల ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, పిల్లలు ఊహించగలరు. క, త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. మనం రోజూ వాడే మాటల్లో చూడండి: అక్క, అత్త, అన్న, అమ్మ, పిల్ల. ఎక్కువగా తగిలేవి ఊహకందనివే! ఈ ఏడింటినీ విడిగా, రోజుకొకటి చొప్పున చెప్తే సగం అడ్డు తొలగిపోతుంది. ఒత్తులన్నీ వరసగా ఒక చార్టు మీద రాసి గోడకు తగిలించడం వల్ల గోడకు అందం తప్ప ఏమీ ఉండదు.

రెండోది ఇంకా లోతైనది, పెద్దవాళ్లకు కనబడదు. 'వస్తువు' అన్న మాటలో కొమ్ము స మీద ఉంటుంది, కానీ ఆ ఉకారం పలకాల్సింది కింద ఉన్న త తర్వాత. పిల్లాడు కళ్లకు కనబడ్డ వరసలో చదువుతాడు: 'వసుతవు'. 'బస్తీ' అన్నా అంతే, గుడిదీర్ఘం పైన స మీద ఉంటుంది, 'బసీత' అంటాడు. వాడు అజాగ్రత్తగా చదివాడని మనం కసురుకుంటాం. నిజానికి చాలా జాగ్రత్తగా, కనబడింది కనబడినట్టు చదివాడు. 'పైనున్న అక్షరాన్ని సగమే పలుకు, కింద అక్షరం పలుకు, పైనున్న గుర్తును దానికి కలుపు' అని ఎవరూ చెప్పలేదు, అంతే. ఒక్కసారి ఈ కిటుకు అర్థమైతే స్తి, స్తు, ద్ధి, ట్టు అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి.

మూడోది ర. 'కర్త', 'చక్రం' రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒకదాంట్లో ర పైన, ఇంకోదాంట్లో ర ఒత్తుగా ఉందని చూపించండి. ఈ తేడా ఎనిమిదో తరగతిలోనూ తెలియనివాళ్లు ఉంటారు.

చిన్నాచితకవి: ప, ఫ, వ అక్షరాలకు కొమ్ము కిందినుంచి వస్తుంది, మిగతావాటికి పక్కన ఉంటుంది. 'వు', 'మ' కలగాపులగం అయ్యేది అందుకే. 'మొ', 'యొ' రాసే తీరు 'కొ', 'తొ'లా ఉండదు. ద–ధ, బ–భ, చ–ఛ తేడాల దగ్గర పిల్లలు తప్పితే అర్థం చెడనంతవరకు ఆపకండి. దాని రోజు దానికుంది. ఙ, ఞ జోలికి అసలు పోవద్దు.

సుద్దముక్క:
నిలువుగీత గారూ, 'వసుతవు' అన్న మాట మా క్లాసులో అచ్చంగా అలాగే విన్నాను! నత్తి ఉందేమో అనుకున్నాను. ఈ వారంలో ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తాను.

చదువరి:
పై పోస్టుకు కొంచెం వెనకటి సంగతి కలుపుతాను. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సులువైన సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అనేది రెండు శక్తుల గుణకారం: అక్షరాలను మాటలుగా మార్చగలగడం, ఆ భాష వింటే అర్థమవడం. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోది కాపాడేది.

కనుక పరీక్షించేటప్పుడు రెండూ చూడాలి. పిల్లాడు చదవలేకపోయిన పేరానే మీరు చదివి వినిపించి ప్రశ్నలడగండి. జవాబు చెప్తే అడ్డంకి లిపి దగ్గర ఉంది. విన్నా చెప్పలేకపోతే మాటలు, భాష దగ్గర ఉంది. మొదటివాడికి ఒత్తులు కావాలి. రెండోవాడికి కథలు, మాటలు, వినడం కావాలి. ఇద్దరినీ ఒకే 'వెనకబడినవారి గ్రూపు'లో వేస్తే ఇద్దరికీ లాభం లేదు.

పరీక్ష పత్రం ఎలా ఉండాలో తెలియకపోతే గ్రామాల్లో పిల్లల చదువు స్థాయి చూసే 'అసర్' సర్వేలో వాడే పద్ధతి చూడండి. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఇంతే. 2022 సర్వేలో దేశమంతటా గ్రామాల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 69.6 శాతం. అంటే పదిమందిలో ముగ్గురికి అది కూడా రాలేదు. మీ క్లాసు వింత క్లాసు కాదు మేడమ్.

ఏడోక్లాసు_నాన్న:
టీచర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా వాడికి ఒత్తులూ గిత్తులూ అన్నీ వచ్చు. పేపరు ఇస్తే న్యూస్ రీడర్‌లా చదివేస్తాడు. అయిపోయాక 'ఏముందిరా అందులో' అంటే పైకప్పు చూస్తాడు. ఇంగ్లీషు మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు. దీనికేం చేయాలి?

చదువరి:
మీ అబ్బాయి గుణకారంలో రెండో వైపు. పుస్తకాల్లోని తెలుగు, ఇంట్లో వినే తెలుగు ఒకటి కావు. 'అనివార్యం', 'పరిణామం', 'తత్ఫలితంగా' లాంటి మాటలు ఎవరైనా నోటితో అనగా వాడు ఎప్పుడు విన్నాడు? రోజూ పడుకునేముందు మీరే ఏదైనా చదివి వినిపించండి, ఏడో తరగతి పిల్లాడికి కూడా. కథ అయినా సరే, క్రికెట్ మ్యాచ్ రిపోర్టు అయినా సరే. మధ్యలో ఆగి 'ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నావ్' అని అడగండి. అయిపోయాక ప్రశ్నలు కురిపించకండి. 'నీకు నచ్చనిది ఏంటి' అంటే 'ఏం అర్థమైంది' అన్నదానికంటే ఎక్కువ మాట్లాడతాడు.

లెక్కలసారు:
నా అనుమానం ఒకటి. తెలుగు పీరియడ్‌లో వరసగా ఒక్కొక్కరితో చదివిస్తారు కదా, మిగతావాళ్లు వేలు పెట్టుకుని చూస్తూ ఉంటారు. అది పనికొస్తుందా? మా చిన్నప్పుడైతే నా వంతుకు ఏ పేరా వస్తుందో లెక్కపెట్టుకుని, అది మాత్రం లోపల నాలుగుసార్లు చదువుకుని కూర్చునేవాణ్ణి. మిగతా పాఠం ఏ దేశంలో జరిగిందో కూడా తెలిసేది కాదు.

నిలువుగీత:
హహ, అందరం అంతే సార్. నలభై నిమిషాల పీరియడ్, నలభై మంది పిల్లలు. తలా ఒక్క నిమిషం వస్తుంది. రానివాడికి ఆ నిమిషం కూడా నలభై మంది ముందు పరువు పోయే నిమిషం.

దాని బదులు జంటగా చదివించండి. బాగా వచ్చినవాడినీ అసలు రానివాడినీ కలపొద్దు, మొదటివాడికి విసుగు, రెండోవాడికి సిగ్గు. బాగా వచ్చినవాడికి మధ్యరకం వాడిని, మధ్యరకం వాడికి కాస్త వెనకున్నవాడిని కలపండి. మొదట ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో చదవాలి, తర్వాత ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినాలి. అసలు రానివాళ్లు ఆ సమయంలో మీ దగ్గర కూర్చుంటారు. గదిలో గోల ఉంటుంది. హెచ్‌ఎం గారికి ముందే చెప్పుకోండి.

ఇంకోటి, చదివిందే మళ్లీ చదివించడం. ఒక చిన్న పేరాను తడబాటు పోయేదాకా మూడు నాలుగుసార్లు చదివితే, ఆ వేగం కొత్త పేరాకూ కొంత అంటుకుంటుంది. శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో దీని గురించి రాశారు, మన పద్యాల చదువు తీరు కూడా ఇదే కదా. మనవాళ్లు పద్యం వల్లె వేయించి అక్కడితో ఆగారు, వచనానికి తేలేదు.

వెనకబెంచీ:
మొదట వెటకారంగా రాశాను గానీ, ఈ చర్చ నాకు సంబంధించినదే. ఎనిమిదో తరగతి దాకా నాకు చదవడం సరిగా రాదు. అది ఎవరికీ తెలియకుండా ఉండడానికి ఎంత తెలివి వాడేవాణ్ణో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నా వంతు వచ్చే ముందు నీళ్లకు వెళ్లడం, పుస్తకం మర్చిపోవడం, కావాలని ఏదో అల్లరి చేసి బయట నిలబడడం. బయట నిలబడితే పరువు పోదు. చదవలేక నిలబడితే పోతుంది. అందుకే మీ క్లాసులో అల్లరి పిల్లల్ని ముందు చదివించి చూడండి.

మరో మాట. పెద్ద పిల్లాడి చేతికి ఒకటో తరగతి వాచకం ఇవ్వకండి. అందులో ఉన్నది వాడికి వచ్చినా చదవడు. అక్షరాలు సులువుగా ఉండాలి, సంగతి మాత్రం వాడి వయసుది కావాలి. బండి రిపేరు, పాములు, మ్యాచ్ స్కోరు, అంతరిక్షం, దెయ్యాలు, ఏదైనా.

సుద్దముక్క:
ఆ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయండీ? సులువైన అక్షరాలు, పెద్ద పిల్లల సంగతులు రెండూ ఉన్నవి మా బడి అల్మారాలో ఒక్కటీ లేదు.

చదువరి:
స్టోరీవీవర్ అనే ఉచిత వేదికలో స్థాయిలవారీగా తెలుగు కథలు ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. అనువాదాల్లో భాష అక్కడక్కడా బిగుసుకుపోయి ఉంటుంది, మీరే సరిచేసి రాసుకోండి. సైన్సు, జంతువుల మీద ఉన్నవి పెద్ద పిల్లలకు పనికొస్తాయి.

నిలువుగీత:
దొరకనివి మనమే రాసుకోవాలి. ఆరు వాక్యాలు చాలు. ఆ వారం న ఒత్తు, ల ఒత్తు చెప్తున్నారనుకోండి, అవి వచ్చే మాటలు ఎక్కువగా, ఇంకా చెప్పని ఒత్తులు లేకుండా. ఇలా:

'గల్లీలో కొత్త కుక్క కనబడింది' అని రాస్తే త, క ఒత్తులు వచ్చేశాయి, అది ఈ వారం కుదరదు. 'నిన్న రాములు నల్ల పిల్లిని చూశాడు. దాని కాలికి చిన్న గాయం ఉంది. అన్న దాన్ని ఇంటికి తెమ్మన్నాడు' అనబోయి ఆగాలి, 'తెమ్మన్నాడు'లో మ ఒత్తు ఉంది. 'తీసుకుని రా అన్నాడు' అని మార్చుకోవాలి. రాస్తున్నకొద్దీ చేయి తిరుగుతుంది. ఇలా రాసినవాటిని టీచర్లు ఒకరికొకరు పంపుకుంటే ఏడాదికి సరిపడా పోగవుతాయి.

కొండదారి:
మాది ఏజెన్సీ. మా పిల్లల్లో కొందరి ఇంటి భాష కోయ, కొందరిది లంబాడీ. గుణకారం మాట చదివి నాకు వెంటనే వాళ్లే గుర్తొచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడు సవర, కోయ, గోండి, కొలామి లాంటి భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు తెచ్చారు. ఆలోచన సరైనది. కానీ ఆరో తరగతికి వచ్చేసరికి అంతా తెలుగే, అదీ పుస్తకాల తెలుగు.

నేను చేసేది రాయడం వైపునుంచి వస్తుంది. పిల్లాడిని ఏదైనా చెప్పమంటాను. నిన్న వాగులో చేపలు పట్టిన సంగతి చెప్తాడు, సగం తెలుగు, సగం వాడి భాష. వాడు అన్నది అన్నట్టు బోర్డు మీద రాస్తాను. తన నోటి మాట కాబట్టి చదవగలడు. తర్వాత అందరం కలిసి దాన్ని పుస్తకాల తెలుగులోకి మారుస్తాం. పక్కపక్కనే రెండూ ఉంటాయి. ఏదీ తుడిచేయను.

మీ దగ్గర వేరే భాష లేకపోయినా యాస ఉంటుంది. 'వచ్చిండు' అని రాసిన పిల్లను తప్పు అని కొట్టేస్తే ఆ పిల్ల ఇక రాయదు, గైడులో ఉన్నది దించుతుంది. మొదటి ప్రతి ఎలా మాట్లాడతారో అలాగే రాయనివ్వండి. పరీక్షకు, గోడపత్రికకు వేసే ప్రతిలో 'వచ్చాడు' చేద్దాం. ఏది ఎక్కడ వాడాలో పన్నెండేళ్ల పిల్లలకు చక్కగా అర్థమవుతుంది, సినిమాల్లో రోజూ వింటున్నారు.

చిన్నబడి_టీచర్:
కొండదారి గారు చెప్పింది బాగుంది గానీ, యాసలో రాయనిస్తే అదే అలవాటై పరీక్షలోనూ అదే రాస్తారేమో అని నాకు భయం. ఇంకో సంగతి, ఉక్తలేఖనం గురించి ఎవరూ ఎత్తలేదు. రోజూ పది పదాలు డిక్టేషన్ చెప్పి తప్పులు పదేసిసార్లు రాయిస్తే తప్పులు తగ్గుతాయని మా పెద్దలు చెప్పారు, నేనూ చేయిస్తాను.

కొండదారి:
కొందరు రాస్తారు, ఒప్పుకుంటాను. రెండు ప్రతుల అలవాటు పడితే తగ్గుతుంది. అసలు రాయని పిల్లకంటే యాసలో రాసే పిల్లకు నేర్పడం తేలిక, అది మాత్రం గట్టిగా చెప్పగలను.

నిలువుగీత:
డిక్టేషన్ మంచిదే టీచర్ గారూ. పదేసిసార్లు రాయించడం దగ్గరే నాకు పేచీ. మూడోసారికి పిల్లలు 'వి' అన్నీ నిలువుగా ఒక వరస, 'ద్యా' అన్నీ ఇంకో వరస రాసుకుంటూ పోతారు, చూసే ఉంటారు. చేయి కదులుతుంది, మనసు గ్రౌండులో ఉంటుంది.

పదాలకంటే వాక్యాలు చెప్పండి. నాలుగు వాక్యాలు, ఆ వారం ఒత్తులతో. వాక్యం మొత్తం ఒకసారి వినిపించి, పిల్లలతో పైకి అనిపించి, అప్పుడు రాయించండి. నాలుగు మాటలు మనసులో నిలుపుకుని రాయడమే అసలు సాధన. రాశాక మీరు దిద్దొద్దు. బోర్డు మీద సరైనది రాసి, ఎవరిది వాళ్లనే దిద్దుకోమనండి. తన తప్పు తను పట్టుకున్న పిల్ల దాన్ని మర్చిపోదు. మార్కులు వేయకండి, వేస్తే పక్కవాడిది చూస్తారు.

సుద్దముక్క:
రాయడం గురించే ఇంకొంచెం చెప్పండి. పుస్తకంలో స్వీయరచన ప్రశ్నలుంటాయి. అందరూ గైడు చూసి ఒకే జవాబు రాస్తారు. 'మీ సొంత మాటల్లో రాయండి' అన్న ప్రశ్నకు ముప్పై మంది సొంత మాటలూ ఒకటే!

నిలువుగీత:
గైడులో దొరకని ప్రశ్న వేయడమే దీనికి మందు. 'చెట్ల వల్ల ఉపయోగాలు రాయండి' అంటే గైడు సిద్ధంగా ఉంది. 'మన బడి గేటు దగ్గరున్న చెట్టు కింద పొద్దున్న, మధ్యాహ్నం, బడి వదిలాక ఎవరెవరు కూర్చుంటారో చూసి రాయండి' అంటే ఏ గైడూ ఆదుకోలేదు, చూసి తీరాలి.

ఒకేసారి పేజీడు రాయమనొద్దు. ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి. 'కుక్క అరిచింది.' ఎప్పుడు? ఎక్కడ? ఎవరిని చూసి? ఎందుకు? ప్రతి ప్రశ్నకూ ఒక మాట చేరి వాక్యం పెరుగుతుంది. ఇంకోరోజు చిన్న చిన్న వాక్యాలు మూడిచ్చి ఒకటిగా కలపమనండి: 'వాన పడింది. మ్యాచ్ ఆగింది. మేం ఇంటికి వెళ్లలేదు.' చూడండి, 'పడడంతో', 'ఆగినా', 'కాబట్టి' అన్నీ పిల్లల నోట్లోంచే వస్తాయి. వ్యాకరణంలో అసమాపక క్రియల (వాక్యాన్ని ముగించని క్రియల) పాఠం చెప్పేటప్పుడు మీ పని సగం అయిపోయి ఉంటుంది. పేరా అంటే ఏమిటో అప్పుడు చెప్పాలి, ముందు కాదు.

దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను కాస్త ఆపుకోండి. ఒక రచనలో ఒకే రకం తప్పు దిద్దండి. ఈ వారం ఒత్తులైతే ఒత్తులే, మిగతావి కనబడనట్టే ఉండండి. కష్టం, నాకు తెలుసు, చేయి లాగేస్తుంది. వాక్యం చివర చుక్క పెట్టని పిల్లలకు మాత్రం ఏ వారమైనా చెప్తాను, అది నా చాదస్తం అనుకోండి.

లెక్కలసారు:
దీంట్లో నేనూ ఓ చేయి వేయగలను. ఇకనుంచి లెక్క చేశాక 'ఎలా చేశావో మూడు వాక్యాల్లో రాయి' అంటాను. ఇంకా, ఇచ్చిన కూడికకు వాళ్లనే ఒక ప్రశ్న తయారుచేయమంటాను. మాకిచ్చిన పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లలు రెండూ చదవట్లేదు. తెలుగు పేజీ గట్టిగా చదివాకే పెన్ను పట్టుకోవాలని నియమం పెడతాను.

ఏడోక్లాసు_నాన్న:
మా పక్కింటి పాప ఆరో తరగతి. ఎంత నేర్పినా అక్షరాలు తారుమారు చేస్తుంది, మాటల్లో మాత్రం గడుసుది. డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే ఒక వైకల్యం, అంటున్నారు ఎవరో. నిజమేనా?

చదువరి:
దూరం నుంచి ఎవరూ చెప్పలేరండీ. సరిగ్గా నేర్పని పిల్లలూ, కళ్లు సరిగా కనబడని పిల్లలూ బయటికి ఒకేలా కనిపిస్తారు. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించమనండి. బోర్డు కనబడక వెనకబడ్డ పిల్లలు చాలామంది ఉంటారు. పద్ధతిగా, రోజూ, కొన్ని నెలలు నేర్పినా కదలిక లేకపోతే అప్పుడు నిపుణులకు చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన వైకల్యాలను కూడా చేర్చారు, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. ఆ లోపు ఆ పాప ముందు ఆ పేరు ఎత్తవద్దు.

సుద్దముక్క:
పిల్లలందరినీ విడివిడిగా చదివించడం పూర్తయింది. నేను అనుకున్నది, కనబడింది వేరు. అసలు రావనుకున్నవాళ్లలో ఒకమ్మాయికి ఏడు ఒత్తులు తప్ప అన్నీ వచ్చు. గడగడా చదివేవాళ్లలో ఇద్దరికి చదివిందేమిటో తెలియదు. హెచ్‌ఎం గారు రోజూ మొదటి అరగంట ఇచ్చారు. ఆరు, ఏడు, ఎనిమిది కలిపి, తరగతి చూడకుండా స్థాయిని బట్టి మూడు గదుల్లో కూర్చోబెడదాం అన్నారు. సైన్సు, సోషల్ టీచర్లు చెరో గది తీసుకుంటున్నారు. గదులకు ఒకటి, రెండు, మూడు అని కాకుండా రంగుల పేర్లు పెట్టాం, అయినా ఏది ఏమిటో పిల్లలకు మొదటి రోజే తెలిసిపోయింది.

చిక్కు ఒక్కటే. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆరో తరగతి పిల్లలతో కూర్చోవాల్సి వస్తుందని ఆ అరగంట బడికే రావడం లేదు. సరిగ్గా అరగంట అయ్యాక వస్తాడు.

వెనకబెంచీ:
నేనే వాడు! ఆ గదిలో కూర్చోమని పట్టుబట్టకండి. వాడికి ఏదైనా పని ఉండాలి, ఆ పనికి చదవడం అవసరం కావాలి.

చిన్నబడి_టీచర్:
ప్రాథమికోన్నత పాఠశాల అన్నారు కదా, అంటే మీ ఆవరణలోనే ఒకటి, రెండు తరగతులు ఉంటాయి. వారానికోసారి రెండో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించే పని ఆ అబ్బాయికి ఇవ్వండి. చిన్నపిల్లల కోసం కాబట్టి చిన్న కథే ఉంటుంది, అందులో సిగ్గేమీ ఉండదు. తడబడకుండా చదవాలంటే ముందు నాలుగైదుసార్లు తను చదువుకోవాలి, అదీ మీ దగ్గర కూర్చుని. చిన్నవాళ్లు 'అన్నా, ఇంకోటి' అంటారు. అన్నప్పుడు ఇంకోటి చేతిలో సిద్ధంగా ఉండేట్టు చూసుకోండి.

సుద్దముక్క:
ఇది నాకు తట్టనేలేదు. రెండో తరగతి టీచర్‌తో రేపే మాట్లాడతాను. శనివారం చివరి పీరియడ్ అయితే వాళ్లకూ వీలుంటుంది. కథ మాత్రం క, త ఒత్తులు తక్కువున్నది ఎవరైనా పంపగలరా? అబ్బాయి ఆగేది ఆ రెండింటి దగ్గరే.

నిలువుగీత:
ఈ రాత్రికి రెండు రాసి ఇక్కడే పెడతాను. ఒకదాంట్లో పాము ఉంటుంది.